వరి పొట్టిదైతే విత్తనం కల్తీయేనా?

మాగాణి రైతులకు కేళీలు కొత్త కాదు. ఒకే సంచి విత్తనం పోసిన మడిలో అక్కడక్కడ పొట్టి మొక్కలు కనిపిస్తే రైతు డీలరును నిలదీయడం, డీలరు కంపెనీని చూపడం పరిపాటి. అప్పు తెచ్చి విత్తనం కొన్నవారికి ఇది చిన్న తగాదా కాదు. చాలా సందర్భాలలో ఆ అనుమానం సబబే. అయితే విత్తనం శుద్ధమైనదైనా మొక్క రూపం మారగలదని శాస్త్రజ్ఞులు నిరూపించారు.

వరి కణంలో పన్నెండు జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలోని డి.ఎన్.ఏ. నాలుగు రసాయనిక అక్షరాలతో వ్రాసిన గ్రంథం వంటిది. భారతదేశం కూడా పాలుపంచుకొన్న అంతర్జాతీయ కృషి ఫలితంగా 2005 నాటికి ఈ గ్రంథాన్ని దాదాపు ఆసాంతం చదవగలిగారు. కాని అక్షరాలు తెలిసినంత మాత్రాన ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందో తెలియదు. సైటోసిన్ అనే అక్షరంపై మొక్క తానే మిథైల్ అనే చిన్న ముద్ర వేస్తుంది. జన్యువు ఆరంభ భాగంలో ఈ ముద్రలు దట్టమైతే సాధారణంగా ఆ జన్యువు అణగిపోతుంది, తొలగితే మేల్కొంటుంది. అక్షరం మాత్రం మారదు.

జపాన్ శాస్త్రజ్ఞులు 2009లో వెల్లడించిన ఎపి-డి1 అనే వరి ఇందుకు చక్కని నిదర్శనం. ఒకే మొక్కకు కొన్ని పిలకలు పొట్టివి, కొన్ని మామూలు ఎత్తువి! పొట్టి పిలకలలో డ్వార్ఫ్1 అనే జన్యువును ముద్రలు అణచివేశాయి.

ఈ మార్పు కీడే చేయాలని లేదు. మొలకెత్తిన వరి గింజలకు ముద్రలను తొలగించే రసాయనం పట్టించి, వాటి సంతతిని పదేళ్లకు పైగా పండించగా, ఒక వరుసకు బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే శక్తి వచ్చినట్లు 2007లో జపాన్‌లోనే ప్రకటించారు. చైనా శాస్త్రజ్ఞులు 2025లో మరో విశేషం తెలిపారు. మూడు తరాల పాటు చలికి గురిచేసి ఎంపిక చేసిన వరిలో ఏసీటీ1 అనే జన్యువుపై ముద్రలు తగ్గాయి. చలిని ఓర్చే గుణం తర్వాతి ఐదు తరాలకు సంక్రమించింది. యాసంగి నారు చలికి ఎర్రబారడం చూచిన తెలంగాణ రైతులకు ఇది ఆసక్తికరమైన వార్తే.

అలాగని “చలికి అలవాటు చేసిన విత్తనం” అంటూ ఎవరైనా అధిక ధర అడిగితే తొందరపడరాదు. ధ్రువీకరణకు పెట్టిన వరి క్షేత్రంలో కేళీలు 0.20 శాతం మించరాదన్నది నిబంధన. తనిఖీ అధికారి వాటిని కంటితో చూచి లెక్కిస్తారు. మిథైల్ ముద్రలను చూచే పరీక్ష ధ్రువీకరణలో లేదు.

మరి తగాదా వచ్చినపుడు? మనం కుదురుకు రెండు మూడు మొక్కలు నాటుతాము కనుక, పొట్టి పొడుగు పిలకలు ఒకే కుదురులో కనిపించినా అవి వేర్వేరు మొక్కలవి కావచ్చు. కుదురును వేళ్లతో పెకలించి, కడిగి, విడదీసి చూడాలి. మొక్కలు వేరైతే కల్తీని అనుమానించవచ్చు. పొట్టి మొక్కలు ఒకేచోట గుంపుగా ఉంటే ముందుగా జింకు లోపమో, టుంగ్రో తెగులో పరిశీలించడం మంచిది. ఒకే మొక్కకు రెండు రకాల పిలకలు ఉండడం మాత్రం బహు అరుదు. అట్టి మొక్కను పారవేయక వ్యవసాయాధికారికి చూపాలి. వెంట రసీదు, సంచికి కుట్టిన ట్యాగు, మిగిల్చిన గుప్పెడు విత్తనం ఉండాలి.