సంఘపు పాత కంప్యూటరును పాఱవేయుటకు ముందు

గత కార్తికమాసమున మేము కందిపైరున కాయతొలుచు పురుగును గూర్చి మాటలాడుటకై ఒక గ్రామ సహకార సంఘమునకు పోయితిమి. కార్యాలయమున ఒక మూల గోనెపట్ట కప్పియుంచిన వస్తువును జూచి అది యేమని యడుగగా, కార్యదర్శి నవ్వి, "మన పాత కంప్యూటరండీ, కాలము చెల్లినదట" అనెను. దానిని 2016వ సంవత్సరమున కొనిరట. నెమ్మదిగా నడచుచున్నదని పట్టణమునకు గొనిపోగా, అంగడివాడు మూతయైనను విప్పి చూడక, "దీనికి క్రొత్త విండోస్ పట్టదు, క్రొత్తది కొనుడు" అని త్రిప్పి పంపెనట. క్రొత్తదానికి ఏబదివేల రూపాయలు కావలయునని విని పాలకవర్గమువారు తలలు పట్టుకొనియుండిరి.

అచటనే కూర్చున్న యొక వృద్ధ రైతు మమ్ము జూచి, "అయ్యా, మా బావిమీది ఆయిలింజను మా తండ్రిగారి నాటిది. ఎండకు ఎండి, వానకు తడిసి, నేటికిని నీరు తోడుచున్నది. నీడపట్టున గూర్చున్న యీ పెట్టె తొమ్మిదేండ్లకే యేల చచ్చినది?" అని ప్రశ్నించెను. ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పుటకే యీ వ్యాసము.

ఆ పెట్టె చావలేదు. కంప్యూటరనునది రెండు భాగములు గలది. చేతితో ముట్టదగిన యంత్రమొకటి; దానిచే పని చేయించు ఆజ్ఞల సముదాయము రెండవది. ఈ రెండవదానినే సాఫ్టువేరు అందురు. యంత్రము అరుగుట స్వల్పము. సాఫ్టువేరు మాత్రము ఏటేట మారుచు, యంత్రమునుండి అధికాధికముగా కోరుచుండును.

విండోస్ 10 అనునది 2015 జూలైలో వెలువడినది. దానిని చేసిన మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో దాని సాధారణ పోషణమును ముగించిరి. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కు 4 జీబీల ర్యామ్, 64 జీబీల నిలువచోటు, టీపీఎమ్ 2.0 అను రక్షణ చిప్పు, కంపెనీవారి పట్టికలో నెక్కిన ప్రాసెసరు ఉండవలయునని నియమము. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా ఎనిమిదవ తరము మొదలుకొని, అనగా 2017వ సంవత్సరపు ఉత్తరార్ధమునుండి వచ్చినవి మాత్రమే ఆ పట్టికలో గలవు. మన సంఘపు పెట్టె 2016 నాటిది గనుక పట్టికకు వెలుపల నిలిచిపోయినది.

మిల్లువారు ఇకమీదట క్రొత్త కొలత సంచులలోనే ధాన్యము పుచ్చుకొందుమనిరనుకొనుడు. మన పాత సంచిలోని ధాన్యము పుచ్చినట్లా? కాదు. అయినను అది ఆ మిల్లునకు పోదు. వేఱొక మిల్లునకు తోలవలయును, లేదా ఇంటనే దంచుకొనవలయును. పాత కంప్యూటరు సంగతియు నింతే.

అట్లని గడువు తీఱిన విండోస్‌ను యథాప్రకారము వాడుకొనవచ్చునా? ఇచట మెలకువ వలయును. గడువు తీఱిన నాడు యంత్రము ఆగిపోదు. నిన్నటివలెనే వెలుగును, నిన్నటివలెనే నడచును. కాని చెఱువుకట్టను తిరిగి చూచు నీరుగంటివాడు పని మానినట్లగును. ఆ దినముననే కట్ట తెగదు. ఎండ్రకాయ బొక్క ఎచట పడినను పూడ్చువాడుండడు, అంతే. వ్యక్తులకు 2026 అక్టోబరు 13వ తేదీవఱకును, సంస్థలకు సొమ్ము చెల్లించినచో గరిష్ఠముగా మూడేండ్లును రక్షణ సవరణలు లభించునట్లు కంపెనీవారు ఏర్పాటు చేసిరి. అప్పునకు గడువు పెంచుట వంటిదే యిది; అప్పు తీఱినట్లు కాదు.

బొక్క పూడ్చనిచో నేమగునో 2017 మే నెలలో లోకమెల్ల చూచినది. వానక్రై అను దుష్ట సాఫ్టువేరు అనేక దేశముల కంప్యూటర్లలో జొరబడి, అందలి పత్రములకు తాళము వేసి, విడిపించుటకు సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. అది జొరబడిన రంధ్రమునకు సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, వెలువడియుండెను. సవరణ వేసికొననివారే ఎక్కువగా నష్టపడిరి. మన సంఘపు పెట్టెలో నుండునవి సభ్యుల అప్పుల ఖాతాలు, వాటాధనము, ఆధారు సంఖ్యలు. అవి పోయినచో పోవునది పెట్టె కాదు, సభ్యుల నమ్మకము.

కావున పాతదానిని పాఱవేయుటయు తప్పే. కన్నుమూసికొని వాడుటయు తప్పే. మేము నాలుగైదు సంఘములలో పాలకవర్గమువారితో గూడి చేసి చూచిన క్రమమును దిగువ వ్రాయుచున్నాము.

మొదటిది, నకలు. ఏ పనికైనను ముందు లెక్కలన్నిటిని రెండు వేర్వేఱు డిస్కులమీదికి నకలు తీయవలయును. ఒకటి కార్యాలయమున, రెండవది వేఱొక భద్రస్థలమున నుంచవలయును. నకలు తీసినంతమాత్రమున చాలదు. దానిని వేఱొక యంత్రమున తెఱచి, ఏవైన రెండు మూడు ఖాతాలు చదివి చూడవలయును. విత్తనము కొట్టులో నున్నదని తలచుట వేఱు, మొలకశాతము చూచుట వేఱు.

రెండవది, శుభ్రత. విద్యుత్తు తీసివేసి, మూత విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలయును. ధాన్యపు ధూళిగల మన కార్యాలయములలో లోపలి ఫంకాకు దుమ్ము పట్టి, యంత్రము వేడెక్కి, ఆ వేడికి తన వేగమును తానే తగ్గించుకొనును. తీసి పెట్టినప్పుడెల్ల తేదీ వెనుకటి సంవత్సరములకు పోవుచున్నచో, లోపల రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ అయిపోయినదని యెఱుగునది. తేదీ తప్పుగా నున్నచో బ్యాంకు మొదలగువారి వెబ్‌సైట్లు తెఱచుకొనవు. ఈ స్వల్ప కారణముచేతనే చెడినదనుకొన్న యంత్రమొకటి మాకు తగిలినది.

మూడవది, డిస్కు మార్పు. పాత యంత్రములలో పళ్ళెరమువలె తిరుగు హార్డ్ డిస్కు ఉండును. నిదానమునకు ముఖ్య కారణమిదే. దానిని తీసి, తిరుగుభాగములు లేని ఎస్.ఎస్.డి. అను డిస్కు వేయించి, వీలున్నచో ర్యామ్‌ను 8 జీబీలకు పెంచవలయును. మేము చెప్పిన సంఘమున, తెఱచుటకు ఆఱేడు నిమిషములు పట్టుచుండిన పెట్టె, డిస్కు మార్చిన పిదప నిమిషములోపల సిద్ధమైనది. ఈ వస్తువుల వెలలు హెచ్చుచు తగ్గుచునుండును గావున, ఇద్దఱు ముగ్గురు అంగళ్ళవారిని విచారించి, క్రొత్త యంత్రపు వెలతో సరిచూచి, పిమ్మటనే కొనవలయును.

నాలుగవది, వేఱొక మిల్లు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్సు, నేడు వేలకొలది జనులు కలిసి పెంచుచున్న సాఫ్టువేరు. ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, ఇరుగుపొరుగునకు పంచవచ్చును. సహకార సూత్రము నెఱిగిన మనకు ఇందు వింత లేదు. లైనక్సు మింట్, డెబియన్ అనునవియు, మన దేశమున సీ-డాక్ సంస్థవారు తయారుచేసిన బాస్ అనునదియు ఇట్టివే. తెలుగున చదువుటకు, వ్రాయుటకు వీలు కలదు. జాబులకు, పట్టికలకు లిబ్రె ఆఫీసు ఉచితముగా లభించును. పెక్కింటిని పెన్ డ్రైవునుండి నడిపి చూచి, నచ్చిన పిమ్మటనే యంత్రమున దింపుకొనవచ్చును. పొలమంతయు వేయక ముందు ఒక మడిలో వేసి చూచినట్లు.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలయును. ఒక సంఘమున మేము ఉత్సాహముచే మడి సంగతి మఱచి, అప్పులు వసూలగు దినములలోనే పాత విండోస్ తీసివేసి లైనక్సు వేయించితిమి. మఱునాడు రసీదులు అచ్చువేయు ముద్రణయంత్రము దానితో కలిసిరాలేదు. లెక్కల సాఫ్టువేరును విండోస్‌కే చేసినది గనుక నడవలేదు. సభ్యులు రెండు దినములు వరుసలో నిలిచిరి. నాలుగు మైళ్ళు నడచివచ్చిన యొక అవ్వ తన బాకీ సొమ్ము చెల్లించి, మమ్ము జూచి, "నాయనా, నే కట్టిన రూపాయలు ఈ పెట్టెకు ఎఱుకేనా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. కార్యదర్శి చేతిరసీదు పుస్తకము తీసి, వ్రాసి, ముద్రవేసి యిచ్చుటచే ఆమె ఊఱట జెంది పోయినది. ఆ దినమునుండి మేము మూడు నియమములు పాటించుచున్నాము. పని ఒత్తిడి దినములలో మార్పు తలపెట్టరాదు. ముద్రణయంత్రము, వేలిముద్ర పరికరము, లెక్కల సాఫ్టువేరు ముందుగా పరీక్షింపక పాతది తీసివేయరాదు. చేతిరసీదు పుస్తకమును ఎన్నటికిని అటకెక్కింపరాదు.

మఱి అన్ని పాత యంత్రములును బాగుపడునా? పడవు. 64 బిట్ల ప్రాసెసరు లేని మిక్కిలి పాతవానిని లైనక్సువారును క్రమముగా విడిచిపెట్టుచున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ను అట్టివానిమీద క్రొత్తగా దింపుకొనుటకు వీలులేదు. 2 జీబీల ర్యామ్‌తో నేటి వెబ్‌సైట్లు సుఖముగా తెఱచుకొనవు. ముసలి యెద్దును మెట్టదుక్కికి కట్టుటయు ధర్మము కాదు. కసాయికి తోలుటయు ధర్మము కాదు. దాని యెత్తునకు తగిన పని యిచ్చుటయే ధర్మము.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 ను కంప్యూటరీకరించుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. క్రొత్త యంత్రము వచ్చిన సంఘములందు అప్పుల లెక్కలును బ్యాంకు పనులును దానిమీదనే జరుగవలయును. ఈ విషయమున జిల్లా బ్యాంకువారి సలహా లేక ఏమియు మార్పరాదు. గడువు తీఱిన విండోస్ గల పాతదానిని ఇంటర్నెట్టునుండి విడదీసి జాబులు వ్రాయుటకు, విత్తనముల నిలువ పట్టికకు, గ్రంథాలయమున పిల్లలు తెలుగు టైపు నేర్చుకొనుటకు, సభలలో వ్యవసాయ చిత్రములు చూపుటకు వాడుకొనవచ్చును. ఇతరుల పెన్ డ్రైవులు అందు గ్రుచ్చనీయరాదు. లైనక్సు వేసినది ఇంటర్నెట్టుతోను వాడుకొనదగును. కాని దానికిని వచ్చు సవరణలు వేయుచుండవలయును.

ఇక నిజముగా కాలము తీఱిన యంత్రమును పాతసామానువానికి తూకమున అమ్మరాదు. అందు సీసము మొదలగు విషపదార్థములుండును. కాల్చినచో గాలియు నేలయు చెడును. 2022లో లోకమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానికు చెత్త పుట్టగా, అందు సరియైన రీతిని సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి ఇరువదిమూడు పాళ్ళకు లోపలనే. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నియమముల ప్రకారము, అనుమతి పొందిన సంస్థలకే దానిని అప్పగింపవలయును. అంతకు ముందు లోపలి డిస్కును మాత్రము తీసి పగులగొట్టవలయును. సభ్యుల పేరులును బాకీలును అందే యున్నవి.

ఆ గ్రామమున గోనెపట్ట తీసివేసిరి. ఆ పెట్టె నేడు లైనక్సుతో నడచుచు, ఎరువుల నిలువ పట్టికను వ్రాయుచున్నది. అప్పుల లెక్కలు మాత్రము పథకముక్రింద వచ్చిన క్రొత్త యంత్రముననే యున్నవి. మిగిలిన సొమ్మునకు పాలకవర్గమువారు ధాన్యపు తేమ చూచు పరికరము కొనిరి. మీ సంఘముననట్టి పెట్టె యున్నచో, రాబోవు పాలకవర్గ సమావేశమున ఈ సంగతి యెత్తి, ముందుగా నకలు తీయించి, పిమ్మట మూత విప్పించి చూడవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.