కాంప్టన్‌లో మోగిన బొంబాయి బాణీ

ఒక పాట ఎవరి సొత్తు? బాణీ కట్టినవాడిదా, గొంతు ఇచ్చినవారిదా, పెట్టుబడి పెట్టిన నిర్మాతదా, లేక దానిని ఎక్కడో విని మరొక రూపు కల్పించినవాడిదా? ఈ ప్రశ్నకు మన పార్లమెంటు 2012లో ఒక సమాధానం చెప్పింది. అంతకు పదేళ్ల క్రితమే ఇదే ప్రశ్న ఒక హిందీ సినిమా పాట మూలంగా లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో తలెత్తింది. ఆ పాటను అమెరికాకు మోసుకుపోయినవాడు డి.జె. క్విక్ అనే నల్లజాతి సంగీతకారుడు. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరి సంగీతం విని పెరిగాడో తెలుసుకుంటే, మన శాసనంలోని లోపం ఎంతటిదో తేటతెల్లమవుతుంది.

ముందుగా ఒక మాటకు అర్థం చెప్పుకోవాలి. మన చిత్రసీమలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. హిప్ హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే ఇంచుమించు సంగీత దర్శకుడు. అయితే ఆయన చేతిలో వాద్యబృందం ఉండకపోవచ్చు. పాత రికార్డులలోని ఒక డప్పు దరువునో, ఒక గొంతు విరుపునో తీసుకొని, దానిని మళ్లీ మళ్లీ తిప్పి, దానిమీద కొత్త పాట నిలబెడతాడు. ఆ ముక్కను శాంపిల్ అంటారు. 1973లో న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో, జమైకా నుంచి వలస వచ్చిన కూల్ హెర్క్ రెండు గ్రామఫోన్ పళ్లేలతో ప్రారంభించిన పద్ధతి ఇది. వాద్యాలు కొనుక్కునే స్తోమత లేనివారికి పాత రికార్డే వాద్యమయింది.

డి.జె. క్విక్ అసలు పేరు డేవిడ్ బ్లేక్. 1970 జనవరిలో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌కు దక్షిణంగా ఉన్న కాంప్టన్ పట్టణంలో పెరిగాడు. 1980లలో ఆ పట్టణం పేరు చెబితే అమెరికాకు గుర్తుకు వచ్చినవి మాదకద్రవ్యాలు, ముఠా కక్షలు, పోలీసు దాడులు. వీటిని పాటకెక్కించిన ఎన్.డబ్ల్యు.ఎ. బృందమూ అక్కడిదే. క్విక్ అనే తన పేరులో ఇంగ్లీషు వర్ణక్రమం ప్రకారం రావలసిన ‘సి’ అక్షరాన్ని ఆయన విడిచిపెట్టడంలో కూడా ఆ ముఠాల ప్రభావం ఉంది. ప్రత్యర్థి ముఠా పేరుకు అది తొలి అక్షరం.

కాని ఆయన చెవి మాత్రం కక్షల వైపు కాక, తనకు ముందటి తరం సంగీతం వైపు మొగ్గింది. జార్జి క్లింటన్ నడిపిన పార్లమెంట్-ఫంకడెలిక్ బృందాల ఫంక్ సంగీతం, ఒహాయో రాష్ట్రానికి చెందిన జాప్ బృందంలోని రోజర్ ట్రౌట్‌మన్ గానం ఆయనకు గురుపీఠాలు. ట్రౌట్‌మన్ కీబోర్డు నాదాన్ని ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా నోటిలోకి పంపి, పెదవుల కదలికతో ఆ నాదం చేతనే మాటలు పలికించేవాడు. టాక్ బాక్స్ అనే ఆ విద్యను క్విక్ కూడా అలవరచుకున్నాడు. ఆయన ఆల్బముల మధ్య మాటలు లేని వాద్య ఖండికలు వినవస్తాయి. శాంపిళ్ల పక్కనే గిటారు వాయించే మనుషులు వినవస్తారు. మిగిలిన కాంప్టన్ సంగీతం గద్దిస్తే, ఈయన సంగీతం ఊయల ఊపింది.

వృత్తి ప్రారంభం నిరాడంబరమైనదే. 1987లో తానే కూర్చిన పాటలతో ‘ది రెడ్ టేప్’ అనే క్యాసెట్ తయారు చేసి చేతిమీదుగా చెలామణీ చేశాడు. సరిగ్గా ఆ కాలంలోనే మన ఢిల్లీలో చవక క్యాసెట్లు గ్రామఫోన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని కూలదోస్తున్నాయన్నది గమనార్హం. ఆ క్యాసెట్ బలంతోనే న్యూయార్కు సంస్థ ప్రొఫైల్ రికార్డ్స్ ఆయనతో ఒడంబడిక చేసుకుంది. 1991 జనవరిలో తొలి ఆల్బం ‘క్విక్ ఈజ్ ది నేమ్’ విడుదలయింది. అప్పటికి ఆయన వయస్సు 20. అటు తరువాత ఆ ఆల్బం పది లక్షల ప్రతుల మైలురాయి దాటింది. అందులో ‘టునైట్’ అనే పాటకు ఆధారం క్లీర్ అనే బృందం 1984లో పాడిన పాట. తాను విని పెరిగిన సంగీతాన్నే ఆయన తిరిగి వినిపించాడన్నమాట.

అదే సంవత్సరం డిసెంబరులో ఈ కళ మెడకు న్యాయశాస్త్రం బిగుసుకుంది. బిజ్ మార్కీ అనే మరొక గాయకుడు అనుమతి లేకుండా శాంపిల్ వాడుకున్న కేసులో న్యూయార్కు ఫెడరల్ న్యాయమూర్తి, దొంగతనం కూడదన్న బైబిల్ ఆజ్ఞను ఉటంకిస్తూ తీర్పు చెప్పాడు. నాటినుంచి ప్రతి ముక్కకూ అనుమతి, ప్రతి అనుమతికీ రుసుము తప్పనిసరి అయినాయి. అయితే ఈ జాగ్రత్త అమెరికన్ రికార్డుల విషయంలో ఉన్నంతగా బొంబాయి రికార్డుల విషయంలో ఉందా?

2002లో ఆ సంగతి బయటపడింది. టెలివిజన్‌లో హిందీ కార్యక్రమం ఒకటి ప్రసారమవుతుండగా విన్న పాట క్విక్‌ను కట్టిపడేసింది. వెంటనే వీడియో టేపు మీద పట్టుకున్నాడు. అది 1981 నాటి ‘జ్యోతి’ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన ‘థోడా రేశమ్ లగ్తా హై’. స్వరకర్త బప్పీ లాహిరి. మన పాఠకులకు ఆయన అపరిచితుడు కాడు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ బాణీలు ఆయనవే. ఆ పాట ముక్కమీద క్విక్ కట్టిన ‘అడిక్టివ్’ను ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడగా, డాక్టర్ డ్రే సంస్థ విడుదల చేసింది. అమెరికాలో తొలి పది పాటలలో అది చేరింది. పాట పొడుగునా లత గొంతు వినిపిస్తూనే ఉంది. రికార్డు అట్టమీద మాత్రం ఆమె పేరు లేదు, లాహిరి పేరు లేదు.

పూర్వపు గ్రామఫోన్ కంపెనీ అయిన సరిగమ సంస్థ 50 కోట్ల డాలర్లు కోరుతూ దావా వేసింది. లాహిరి కూడా కోర్టుకెక్కాడు. ఆయన పేరు చేర్చనిదే ఆ ఆల్బం అమ్మరాదని న్యాయస్థానం తొలుత ఆదేశించింది. మన పత్రికలు దానిని విజయంగా చాటాయి. తుది ఫలితం వేరు. పాట హక్కులు చిత్ర నిర్మాణ సంస్థవి, ఆ సంస్థ నుంచి రికార్డు కంపెనీకి సంక్రమించినవి; కనుక లాహిరికి దావా వేసే అర్హతే లేదని న్యాయస్థానం తేల్చింది. అర్హత లేని దావాను ఏళ్ల తరబడి నడిపినందుకు ఆయన న్యాయవాదిపై విధించిన సుమారు 2 లక్షల 47 వేల డాలర్ల జరిమానాను 2010 జూన్‌లో అప్పీళ్ల న్యాయస్థానం ఖాయం చేసింది.

ఇందులో అమెరికన్ న్యాయమూర్తులను తప్పుపట్టి లాభం లేదు. వారు అనుసరించింది మన చట్టాన్నే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, సొమ్ము చెల్లించి బాణీ కట్టించుకున్న నిర్మాతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దానికి తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు తోడుగా జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన మాటలలో, గాయకుడికి ఏ హక్కూ లేకపోవడాన్ని పార్లమెంటు పట్టించుకోవాలని సూచించాడు. ఆ సూచన తరువాత గాయకులకు 1994 దాకా, స్వరకర్తలకు 2012 దాకా నిరీక్షణ తప్పలేదు.

2010 మార్చిలో గీత రచయిత జావెద్ అఖ్తర్ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మరుసటి నెలలోనే సవరణ బిల్లు ఆ సభ ముందుకు వచ్చింది. స్థాయీ సంఘం పరిశీలన ముగిసి, 2012 మే 17న రాజ్యసభ, 22న లోక్‌సభ దానిని ఆమోదించాయి. దీనివల్ల యాజమాన్యం నిర్మాతనుంచి జారిపోలేదు. కాని సినిమా హాలు వెలుపల పాట వినియోగమయినప్పుడల్లా వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా దక్కాలి. ఆ వాటాను వదులుకుంటానని వారు సంతకం చేసినా చెల్లదు.

లాహిరి కూడా పాశ్చాత్య బాణీలను ధారాళంగా అనుకరించాడన్న విమర్శ ఉంది. అది నిజమే అనుకున్నా, ఆయన హక్కు తగ్గదు. సంగీతం అరువులతోనే బతుకుతుంది. క్లింటన్ నుంచి, ట్రౌట్‌మన్ నుంచి అరువు తెచ్చుకోకపోతే కాంప్టన్ కుర్రవాడు సంగీతకారుడయ్యేవాడే కాడు. అయితే వారి పేర్లు ఆయన నోట వినిపిస్తాయి. బొంబాయి బాణీ విషయంలో జరిగిన అన్యాయం అరువు తేవడం కాదు, ఋణదాత పేరు చెప్పకపోవడం.

2022 ఫిబ్రవరిలో పది రోజుల వ్యవధిలో లత, లాహిరి ఇద్దరూ కన్నుమూశారు. కొత్త చట్టం చేయగలిగింది వారి తరువాతివారికే. హైదరాబాదులోగాని ముంబయిలోగాని నేడు బాణీ కడుతున్న యువకుడు సంతకం పెట్టేముందు ఆ సెక్షన్ ఒకసారి చదువుకోవడం మంచిది. చట్టం హక్కు ఇచ్చింది. అడిగి తీసుకోవడం అతని వంతు.