లక్కలో దాగిన గొంతులు

వరంగల్లు చుట్టుపట్ల అడవులలో మోదుగచెట్లు చాలా ఉన్నాయి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను పట్టుకుని లక్కపురుగులు బతుకుతాయి. అవి చెట్టు రసం తాగి, తమ చుట్టూ జిగురుతో గూడు కట్టుకుంటాయి. అదే లక్క. లక్కతో గాజులూ, బొమ్మలూ చేస్తారని మీకు తెలుసు. కాని ఒకప్పుడు పాటలను కూడా లక్కలోనే దాచేవారని తెలుసా?

అవే గ్రామఫోను రికార్డులు. శుభ్రం చేసిన లక్కలో మెత్తని రాతిపొడీ, మసీ కలిపి, వేడిచేసి, పళ్ళెంలాగా అచ్చు వేసేవారు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడిన పాటలు మన దేశపు తొలి రికార్డులలో చేరాయి. తరవాత ఈలపాట రఘురామయ్య, స్థానం నరసింహారావు వంటి తెలుగు నటుల పాటలూ, పద్యాలూ రికార్డులకెక్కాయి.

పాటలే కాదు, మాటలు కూడా ఎక్కాయి. 1913-1929 మధ్య, గ్రియర్సన్ అనే పండితుడి భాషా సర్వే కోసం మన దేశపు భాషలనూ, మాండలికాలనూ 97 దాకా రికార్డు చేశారు. వాటిలో తెలుగూ ఉన్నది. వాటిని కంప్యూటరులోకి ఎక్కించినందువల్లనే నూరేళ్ళనాటి ఆ మాటలను ఇవాళ మనం వినగలుగుతున్నాం.

రికార్డుకు ఒకవైపున ఎన్ని గీతలుంటాయో చెప్పగలరా? రెండు వందలా? మూడు వందలా? కాదు, ఒక్కటే! అంచు నుంచి నడిమికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక గాడి అది. రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. గాడిలోని వంకరలను బట్టి ముల్లు ఊగుతుంది. ఆ ఊపే పాట అవుతుంది. గాడిలో దుమ్ము చేరితే చిటపటలు వినిపిస్తాయి. పైగా ముల్లు ఆ దుమ్మును గాడి గోడలకేసి రాస్తుంది. అరిగిన గాడి మళ్ళీ బాగుపడదు.

అందుచేత ముందు రికార్డుకు స్నానం చేయించాలి. స్పిరిటు మాత్రం తగలనివ్వరాదు. వడ్రంగి కుర్చీలకు పాలిష్ వెయ్యటానికి లక్కను స్పిరిటులోనే కరిగిస్తాడు! స్పిరిటుతో తుడిస్తే మురికితోపాటు పాట కూడా పోతుంది. బట్టీపట్టిన నీటిలో ఘాటులేని సబ్బునీరు కొన్ని చుక్కలు కలిపి, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడే తుడుస్తారు. మధ్యనున్న కాగితం తడవనివ్వరు. మళ్ళీ మంచినీటితో కడిగి, నీడలో ఆరబెడతారు.

ఇక రికార్డును వినాలి. పాత గ్రామఫోనులో ముల్లు మీద నూరు గ్రాములకు పైగా బరువు పడేది. ఇప్పటి యంత్రాలలో కొద్ది గ్రాములే. ముల్లు ఊపును కంప్యూటరు సెకనుకు 96,000 సార్లు కొలిచి, అంకెలుగా రాసుకుంటుంది. మూడు నిమిషాల పాటకు 1,72,80,000 అంకెలు! తరవాత చిటపటలు తీసేస్తారు. అయితే యంత్రం తాళాల చప్పుడును కూడా చిటపటే అనుకోవచ్చు. అందుకని ఏమీ తీయని నకలును కూడా జాగ్రత్త చేస్తారు.

వరంగల్లులో 1932లో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ ఎందరి గొంతులనో తన గొంతులో పలికించి, మిమిక్రీలో లోకప్రసిద్ధి పొందారు. 2018లో ఆయన కన్నుమూశారు. ఎంతటి ప్రజ్ఞావంతుడైనా తాను వినని గొంతును అనుకరించలేడు. రికార్డు పగిలితే, దానిలోని గొంతును వినటం చాలా కష్టమవుతుంది.

మీ ఇంటి అటకమీద పాత రికార్డులుంటే, పెద్దవాళ్ళ సాయంతో దించండి. ఒకదానిమీద ఒకటి పేర్చక, పుస్తకాలలాగా నిలబెట్టి, ఎండ తగలనిచోట ఉంచండి. ఏ రికార్డులో ఎవరి గొంతు ఉన్నదో తాతయ్యనూ, అమ్మమ్మనూ అడిగి, ఒక కాగితంమీద రాసిపెట్టండి.