మీ చేను దాకా పట్నం వచ్చిందా?

మీ పొలం పక్కన హద్దురాళ్లు పాతి ప్లాట్లు వేశారా? ఎకరాల్లో చెప్పుకునే నేలను అంకణాల లెక్కన అడుగుతున్నారా? అయితే పట్నం మీ గట్టు దాకా వచ్చినట్టే. బేరానికి ఒప్పుకునే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

పల్లె పట్నమయ్యేది ఎప్పుడు?

జనాభా లెక్కల వారికి మూడు కొలతలున్నాయి. ఊళ్లో కనీసం 5,000 మంది ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకూడదు. పని చేసే మగవారిలో నూటికి 75 మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. అంటే మిద్దెలు లేచినంత మాత్రాన చాలదు, మడక వదిలినవాళ్లు పెరగాలి. ఈ మూడూ కుదిరితే పంచాయతీ పాలనలోనే ఉన్నా, లెక్కల్లో అది పట్టణమే. మదనపల్లెకు టమాటా మార్కెట్టు, లారీలు, కాలేజీలు ఊపునిచ్చాయి. కుప్పానికి బెంగళూరు రైలు, 1997లో వచ్చిన ద్రావిడ విశ్వవిద్యాలయం తోడయ్యాయి.

మునిసిపాలిటీ అయితే?

చాన్నాళ్లు పంచాయతీగా ఉన్న కుప్పంలో తొలి మునిసిపల్ ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. ఇలా మారితే సర్పంచి బదులు కౌన్సిలరు వస్తాడు. ఇంటిపన్ను మునిసిపల్ లెక్కకు మారుతుంది. ఉపాధి హామీ పని పల్లెలకే గనుక ఆ కూలి ఆగిపోతుంది. అరెకరా చేసుకుంటూ కూలికి పోయేవారికి ఇది గట్టి దెబ్బే.

అమ్మితే పన్ను ఉందా?

పల్లెలోని సాగుభూమి అమ్మితే వచ్చే లాభంపై ఆదాయపు పన్ను లేదు. పట్నం దగ్గరి భూమికి మాత్రం ఉంది, అందులో పైరున్నా సరే. జనాభా 10,000 నుంచి లక్ష దాకా ఉన్న మునిసిపాలిటీకి హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల దాకా ఉంటే 6 కిలోమీటర్లు లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం పుంగనూరు, కుప్పం మొదటి రకం, మదనపల్లె రెండోది. దూరం రోడ్డు వెంట కాదు, తిన్నగా గీత గీసినట్టు కొలుస్తారు.

ఒక వెసులుబాటుంది. అమ్మే ముందు రెండేళ్లు మీరో, మీ తల్లిదండ్రులో ఆ భూమి సాగుచేసి ఉండి, అమ్మిన రెండేళ్లలోపు వేరేచోట సాగుభూమి కొంటే, దానికి పెట్టినంత లాభంపై పన్ను పడదు. కొన్న భూమిని మూడేళ్లు అమ్మకూడదు.

కాబట్టి అడ్వాన్సు పుచ్చుకోకముందే హద్దు నుంచి మీ పొలం ఎంత దూరమో తహసీల్దారు ఆఫీసులో రాయించుకోండి. ఆ కాగితంతో ఆడిటరును కలవండి. పన్ను పోగా చేతికొచ్చేదానితో మరోచోట ఎంత నేల వస్తుందో చూసుకుని, ఆ తర్వాతే మాటివ్వండి.