చదువుకు వెళ్లిన బిడ్డ ఏ ఇంటి లెక్కలోకి వస్తారు?

హాడో రేవు నుంచి చెన్నైకో, విశాఖపట్నానికో ఓడ బయలుదేరిందంటే, అందులో పై చదువులకు వెళ్లే పిల్లలు ఉంటూనే ఉంటారు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారినా, చాలామంది నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్‌గానే మెదులుతున్న ఈ నగరంలో తెలుగు కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఆ పిల్లల్లో కొందరు విశాఖలో ఆగుతారు. కొందరు మెల్‌బోర్న్, టొరంటో, లండన్ దాకా వెళతారు. 2027 ఫిబ్రవరిలో జనగణన సిబ్బంది తలుపు తట్టినప్పుడు ఆ తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే: ఇంట్లో లేని బిడ్డ పేరు రాయించాలా, వద్దా?

రాయించాలనిపించడం సహజం. రేషన్ కార్డులో పేరు ఉంది, ఆధార్‌లో చిరునామా హాడోదే. కానీ జనగణన అడిగేది సొంత ఊరు ఏదని కాదు, గణన జరిగే రోజుల్లో ఆ మనిషి ఎక్కడ నివసిస్తున్నారని. పత్రాల్లోని చిరునామాకూ ఈ ప్రశ్నకూ సంబంధం లేదు.

2011 జనగణనలో ఈ సూత్రం ఎలా అమలైందో చూస్తే విషయం తేటపడుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇంటింటి లెక్క జరిగింది. మార్చి 1 ప్రారంభమయ్యే అర్ధరాత్రి క్షణాన్ని ప్రామాణికంగా తీసుకున్నారు. ఆ ఇరవై రోజులూ పూర్తిగా ఇంటికి దూరంగా ఉన్నవారిని ఆ ఇంటి లెక్కలో చేర్చలేదు. వారు దేశంలో మరెక్కడ ఉంటే అక్కడే లెక్కించారు. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. ఇప్పుడు జరుగుతున్న దానికి, మంచు ప్రాంతాలను మినహాయిస్తే, 2027 మార్చి 1 అర్ధరాత్రి ప్రామాణిక క్షణం. అంటే దేశం తన మనుషులను పదహారేళ్ల తర్వాత లెక్కపెట్టుకుంటోంది. ఇవాళ డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థి గత లెక్కనాటికి పలక పట్టిన పసివాడు.

విశాఖలో హాస్టల్లో ఉన్న విద్యార్థి సంగతి తేలిక. వసతిగృహాన్ని ఒక సంస్థాగత కుటుంబంగా పరిగణించి అక్కడే అందరి వివరాలూ నమోదు చేస్తారు. నలుగురు స్నేహితులు అద్దె ఇంట్లో కలిసి ఉంటే, ఒకే వంట మీద తింటున్నారా లేదా అన్నది చూస్తారు. ఒకే పొయ్యి అయితే బంధుత్వం లేకపోయినా వారు ఒకే కుటుంబం. ఇలా విశాఖ లెక్కలో చేరినంత మాత్రాన ద్వీపాలతో ఆ విద్యార్థికి ఉన్న సంబంధం చెరిగిపోదు. 2011 పత్రంలో పుట్టిన చోటు, అంతకుముందు నివసించిన చోటు, వలసకు కారణం అనే ప్రశ్నలు ఉన్నాయి. కారణాల్లో ‘చదువు’ ఒకటి. అండమాన్ నుంచి ఎంతమంది చదువుకోసం బయటికి వెళుతున్నారో ప్రభుత్వానికి తెలిసేది ఈ జవాబుల వల్లనే. తల్లిదండ్రులు ప్రేమకొద్దీ హాడోలో కూడా పేరు రాయిస్తే ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు వస్తారు, వలస వెళ్లిన ఆనవాలు కూడా మసకబారుతుంది.

విదేశాల్లో ఉన్నవారికి లెక్క అక్కడే

సముద్రాలు దాటిన విద్యార్థి గణన కాలమంతా విదేశంలోనే ఉంటే భారత జనగణనలో చేరరు. వారిని లెక్కించేది చదువుకుంటున్న దేశమే. దాదాపు అన్ని దేశాల పద్ధతీ ఇదే. ఇంగ్లాండులో 2021 మార్చి 21న జరిగిన లెక్కలో విదేశీ విద్యార్థులను కళాశాల నడిచే రోజుల్లో ఉండే చిరునామాలోనే నమోదు చేశారు. అమెరికాలో 2020 ఏప్రిల్ 1 లెక్కకూ పౌరసత్వం అడ్డు కాలేదు, ఎక్కువ రోజులు ఎక్కడ ఉండి నిద్రిస్తారో అదే చిరునామా. కెనడాకు 2026 మే 12, ఆస్ట్రేలియాకు 2026 ఆగస్టు 11 గణన దినాలు. కెనడా లెక్కలో స్టడీ పర్మిట్‌పై ఉన్నవారూ భాగమే. ‘మనం పరాయివాళ్లం కదా, మనకెందుకు’ అని ఆ ఫారాన్ని పక్కన పడేసే విద్యార్థి ఏ దేశపు లెక్కలోనూ లేకుండా పోతారు. వారు ఉంటున్న పేటకు ఎన్ని బస్సులు, ఎంతమంది వైద్యులు కావాలో నిర్ణయించే అంకెలో ఒకటి తగ్గుతుంది.

ఇదే నియమం మన దేశానికి వచ్చిన విదేశీ విద్యార్థులకూ వర్తిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, ఉస్మానియాలోనో చదువుతున్న విదేశీయులు తమ వసతిగృహంలో లెక్కకు వస్తారు. దౌత్య హోదా ఉన్నవారికే మినహాయింపు. వివరాలు చెబితే వీసాకు చిక్కు వస్తుందేమోనన్న భయం ఇక్కడా, అక్కడా ఒకటే. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత వివరాలు రహస్యం. వాటిని ఎవరూ తనిఖీ చేయలేరు, సాధారణంగా న్యాయస్థానంలో సాక్ష్యంగానూ చెల్లవు. అదే చట్టం జవాబు చెప్పడాన్ని విధిగా చేసింది. తెలిసీ తప్పు చెబితే వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ మొత్తం నేటికి చిన్నదే అయినా, విధి మాత్రం మారలేదు.

ఈసారి కుటుంబాలు వెబ్ పోర్టల్‌లో స్వయంగా వివరాలు నింపుకునే వీలుంది. అక్కడా సూత్రం ఒకటే: ఆ ఇంట్లో నివసిస్తున్నవారినే చేర్చాలి. విదేశంలో ఉన్న బిడ్డ ఫిబ్రవరిలో సెలవుపై వస్తే, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ ఎన్యూమరేటరుకు దాచకుండా చెప్పాలి. ఎక్కడ చేర్చాలో నిర్ణయించేది ఆ తేదీలే.

మాతృభాష గడి

హాడో ఇళ్లకు సంబంధించి అసలు జాగ్రత్త పడవలసిన చోటు మరొకటి ఉంది. 2011 లెక్క ప్రకారం ద్వీపాల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగుదే స్థానం. అయితే ఇక్కడ వీధిలో, బడిలో, బజారులో అందరినీ కలిపే భాష హిందీ. తెలుగింటి పిల్లలు తమలో తాము హిందీలో మాట్లాడుకోవడం విని, అదే వారి భాష అనుకునే ప్రమాదం ఉంది.

జనగణన దృష్టిలో మాతృభాష అంటే బాగా వచ్చిన భాష కాదు, చదివిన మాధ్యమమూ కాదు. పసితనంలో తల్లి ఆ బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి లేకపోతే చిన్ననాట ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. తెలుగు చదవడం, రాయడం రాకపోయినా ఈ నిర్వచనం మారదు. హిందీ, ఇంగ్లీషు వంటివి చెప్పుకోవడానికి 2011 పత్రంలో ‘తెలిసిన ఇతర భాషలు’ అనే వేరే గడి ఉంది. ఆస్ట్రేలియా వంటి దేశాలు అడిగేది మాత్రం ఇంట్లో వాడే భాష గురించి. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉండాలని లేదు.

హాస్టళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. వందల మంది వివరాలు ఒకేసారి ఇవ్వవలసి వచ్చినప్పుడు వార్డెన్లు ప్రవేశ పత్రాలు చూసి చెప్పేయవచ్చు. ఆ పత్రాల్లో పుట్టిన ఊరు, తల్లి మాట్లాడిన భాష అనే రెండు వివరాలూ ఉండకపోవచ్చు. విశాఖలోని వార్డెనుకు అండమాన్ నుంచి వచ్చి చక్కగా హిందీ మాట్లాడే విద్యార్థి తెలుగువారని తెలిసే అవకాశం తక్కువ. హాడోలోని తల్లిదండ్రులు ఇంటి పత్రంలో బిడ్డ పేరు చేర్చే బదులు, ఫిబ్రవరికి ముందే ఫోను చేసి ఆ రెండు జవాబులూ తానే స్వయంగా చెప్పమని గుర్తుచేయవచ్చు.