చలికి కుంపటియా, కంబళియా?

పులికాటు సరస్సు చెంతనున్న సూళ్లూరుపేటలో జనవరి రాత్రులందు సైతము వేడిమి సాధారణముగా 20 డిగ్రీల ప్రాంతముననే యుండును. తెల్లవాఱుజామున వచ్చిన చలి ప్రొద్దెక్కుసరికి సెలవు గైకొనును. ఇంతమాత్రమునకు గదిగదికి తాపనయంత్రము దుర్వ్యయమని మా యభిప్రాయము. 2,000 వాట్ల విద్యుత్ హీటరు గంటకు 2 యూనిట్లు మ్రింగును. వేడిగాలి నిచ్చు రకపు ఏ.సి. యంత్రము బయటిగాలి యందలి వేడిని లోనికి జేర్చును గావున, సుమారు మూడవవంతు విద్యుత్తుతోనే యంత వేడి నీయగలదు.

బొగ్గుల కుంపటి చౌకయే. కాని మూసిన గదిలో నది మృత్యువే. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. నిద్రించువారు మేల్కొనకయే ప్రాణములు గోల్పోవుదురు. బాలింతగదిలో కుంపటి నుంచు గృహస్థులు దీనిని ముఖ్యముగా గమనింతురు గాక. కుంపటిని వెలుపల నుంచి, కంబళి కప్పుకొని, సూర్యరశ్మికి కాగిన నీట స్నానమాడినచో, ఈ సీమ చలికి నంతకు మించి యక్కఱలేదు.