పిడుదు ఉమ్మిలో ఏముంది?

పల్లెల నుంచి వచ్చిన మనకు పిడుదు కొత్త పురుగు కాదు. ఆవు చెవుల్లో, పొదుగు దగ్గర, తోక కింద గింజలా ఉబ్బి వేలాడుతుంటుంది. కొందరు గోమారి అంటారు. రోజుల తరబడి రక్తం తాగుతున్నా పశువుకు మొదట్లో నొప్పి ఎందుకు తెలియదు? గాయంలో రక్తం ఎందుకు గడ్డకట్టదు? జవాబు దాని ఉమ్మిలో ఉంది.

చర్మానికి గాయమైతే శరీరం మూడు పనులు చేస్తుంది. రక్తఫలకికలు గుమిగూడి గాయాన్ని మూస్తాయి. రక్తం గడ్డకడుతుంది. నొప్పి, వాపు వచ్చి హెచ్చరిస్తాయి. పిడుదు ఈ మూడింటికీ విరుగుడు వెంట తెచ్చుకుంటుంది.

దెబ్బతిన్న కణాల నుంచి ఏడీపీ అనే పదార్థం వెలువడి ఫలకికలను పిలుస్తుంది. ఉమ్మిలోని అపిరేజ్ అనే ఎంజైము ఏడీపీని విడగొడుతుంది. పిలుపు అందక ఫలకికలు చేరవు. నొప్పిని, వాపును కలిగించే బ్రాడీకైనిన్‌ను కైనినేజ్ అనే మరో ఎంజైము నాశనం చేస్తుంది. అమెరికాలోని జింక పిడుదు ఉమ్మిలో ఈ రెండూ ఉన్నాయని రిబీరో బృందం 1985లో వెల్లడించింది. మన పశువుల పిడుదు ఉమ్మిలో, రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను అడ్డుకునే ప్రొటీన్లు ఉన్నాయి. ఏ జాతి ఉమ్మి దానిదే అయినా అన్నిటి పనీ ఒకటే: రక్తం ఆగకూడదు, పశువుకు తెలియకూడదు.

అసలు ముప్పు ఇక్కడే. ఆ ఉమ్మితోపాటే థైలీరియా, బబీసియా వంటి రోగక్రిములు రక్తంలో చేరతాయి. జ్వరం వస్తుంది, రక్తం తగ్గుతుంది, పాలు పడిపోతాయి. బబీసియా సోకితే మూత్రం ఎర్రగా వస్తుంది. జెర్సీ సంకర ఆవులకు థైలీరియా ప్రాణాంతకం కావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాల డబ్బుతో పిల్లల్ని చదివించుకునే ఇంటికి ఒక ఆవు పోవడం చిన్న నష్టం కాదు.

అందుకే సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఈ పనులు చేద్దాం:

1. పశువు చెవులు, పొదుగు, తోక కింద రోజూ చూద్దాం. నొప్పి లేదు కాబట్టి పశువు చెప్పదు, మనమే వెతకాలి.
2. పిడుదును చిన్న పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. నిప్పు, కిరసనాయిలు వద్దు. గోళ్లతో నలపవద్దు.
3. ఒక్క ఆడ పిడుదు 2,000కు పైగా గుడ్లు పెట్టగలదు. కాబట్టి సాల గోడల పగుళ్లు పూడ్చి శుభ్రంగా ఉంచాలి.
4. మందు పిచికారీకి, జ్వరానికి పశువైద్యుణ్ణే అడగాలి.

పిడుదు ఉమ్మి గురించి తెలుసుకోవలసింది ఇంకా ఎంతో ఉంది. మన గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరైనా అక్కడ చదివి ఆ పరిశోధన చేయాలని కోరుకుంటున్నాం.